మా గ్రానైట్ యూనిట్‌ది ఏ రకం ఉత్పత్తి? ఆర్డర్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయి?

ప్రశ్న (చీమకుర్తి, సూపర్‌వైజర్)

అందరికీ నమస్కారం. ఒంగోల్లో ఎంబీఏ చేసి, నాలుగు నెలల క్రితం చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ యూనిట్లో చేరాను. గెలాక్సీ బ్లాకులు కోసి, పాలిష్ పట్టి, కిచెన్ టాపులు, మెట్లు కొలతకు కోసి పంపుతాం. "మన పని ఎట్లా నడుస్తోందో కాగితం మీద గీసి చూపించు" అని మా ఓనర్ గారు అడిగారు. కూర్చుంటే మొదటి లైన్ దగ్గరే ఆగిపోయాను. పుస్తకంలో జాబ్ (ఒక్కో ఆర్డర్‌కు వేరుగా), బ్యాచ్ (ఒక విడత మొత్తం కలిపి), మాస్ (ఒకే వస్తువు భారీగా), కంటిన్యూయస్ (ఆగకుండా) అని నాలుగు రకాలున్నాయి. మా దగ్గర చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంది. ఏ పేరు రాయాలి?

అసలు బాధ ఇంకొకటుంది. బెంగళూరు కిచెన్ టాపులకు పది రోజులని మాటిస్తున్నాం, ఇరవై అయిదు పడుతోంది. యార్డు నిండా స్లాబులున్నా కావలసింది మాత్రం దొరకదు. ఇంకో గ్యాంగ్‌సా (బ్లాకును ఒకేసారి స్లాబులుగా కోసే పెద్ద రంపం) కొంటే సరిపోతుందని ఓనర్ గారి స్నేహితులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (నెల్లూరు, రైస్ మిల్లు ప్రొడక్షన్)

తమ్ముడూ, ఫ్యాక్టరీ మొత్తానికి ఒకే పేరు పెట్టాలని చూడకు. మా మిల్లునే తీసుకో. ఉప్పుడు బియ్యానికి వడ్లు తొట్టిలో నానబెట్టి ఆవిరి పెడతాం. ఒక తొట్టి పని పూర్తయితేనే దాన్ని ఖాళీ చేసి మళ్ళీ నింపుతాం, కాబట్టి అది బ్యాచ్. ఆరిన వడ్లు షెల్లర్‌లో పడ్డాక మాత్రం పొట్టు తీయడం, పాలిష్, గ్రేడింగ్, సార్టెక్స్ (రంగు తేడా ఉన్న గింజల ఏరివేత) అన్నీ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా సాగుతాయి. ఒకే గోడల మధ్య రెండు పద్ధతులు నడుస్తున్నాయి. ఒక్కో దశకూ దాని పేరు రాసుకో, ఓనర్ గారికీ సులువుగా అర్థమవుతుంది.

జవాబు (ఒంగోలు, గ్రానైట్ ప్లానింగ్, డిస్పాచ్)

అక్క చెప్పింది నిజం. గ్రానైట్‌లోనే చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి మన రాయి భాషలో చెబుతాను.

గ్యాంగ్‌సా ఎక్కిన బ్లాకు మొత్తం ఒకేసారి స్లాబులవుతుంది. బ్లేడ్ల మధ్య ఎడం ఎంత పెడితే మందం అంత, 20 మిల్లీమీటర్లు కానీ 30 కానీ. బెంగళూరు పార్టీకి రెండు స్లాబులు చాలని సగం బ్లాకు కోయలేం. అది బ్యాచ్. పాలిష్ లైన్ మీద స్లాబు వెనక స్లాబు ఒకే దారిలో ముతక రాపిడి నుంచి సన్న రాపిడికి వెళ్తుంది, అది లైన్ పని. ఆ తర్వాత సింకు రంధ్రం, నోజింగ్ (అంచును గుండ్రంగా తీర్చడం), మూల కటింగ్ ఏ ఇంటి డ్రాయింగ్‌కు అదే. అది జాబ్. ఉత్పత్తి ఎంత రకరకాలుగా ఉంటుందో దాన్ని బట్టే పద్ధతి ఉండాలని హేస్, వీల్‌రైట్ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్లు 1979లో ఒక పట్టికే గీశారు. మీ యూనిట్లో ఆ పట్టికలోని చోటు గేటు నుంచి గేటు దాకా మారుతూ పోతోంది, అందులో తప్పేమీ లేదు.

అందుకే రకం పేరు కంటే ముందు ఇంకో ప్రశ్న వేసుకో. రాయి మీద కస్టమర్ పేరు ఎక్కడ రాస్తున్నారు? పాలిష్ అయిన స్లాబు దాకా ఎవరి పేరూ ఉండకూడదు. అంతవరకు మన అంచనాతో తయారుచేసి నిల్వ పెట్టుకోవాలి, అక్కడి నుంచే ఆర్డర్‌కు కోయాలి. దీన్నే డీకప్లింగ్ పాయింట్ అంటారు. బెనెటన్ అనే బట్టల కంపెనీ వాళ్ళు స్వెటర్లను ముందే రంగు లేకుండా అల్లి పెట్టుకుని, ఏ రంగు అమ్ముతోందో చూసి అద్దకం వేశారు. కోయని స్లాబు ఎవరికైనా పనికొస్తుంది, సింకు రంధ్రం పడ్డ ముక్క ఇంకొకరికి పనికిరాదు.

గ్యాంగ్‌సా తొందరపడి కొనవద్దు. కొంటే యార్డులో ఇంకా స్లాబులు పెరుగుతాయే కానీ మీ ముక్కలు ఒక్క రోజు కూడా ముందు వెళ్ళవు. ముందు ఒక్క పని చెయ్యి. కొలతకు కోసి ఎడ్జ్ సెక్షన్ (అంచులు తీర్చే విభాగం) ముందు ఆగి ఉన్న ముక్కలెన్నో లెక్కపెట్టు, రోజుకు ఎన్ని పూర్తవుతున్నాయో రాసుకో. మొదటి సంఖ్యను రెండో దానితో భాగించు.

మళ్ళీ అడిగినవారు

అన్నా, లెక్కపెట్టాను. ఆగినవి 288. పూర్తవుతున్నవి రోజుకు సగటున 12. అంటే 24 రోజులు! టెన్షన్ వచ్చేసింది. ఇది ఎవరూ చెప్పలేదు.

ఒంగోలు

ఈ సూత్రాన్ని జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. క్యూలో ఉన్నవి, రోజుకు పూర్తయ్యేవి, పట్టే కాలం, ఈ మూడూ ఎప్పుడూ కలిసే కదులుతాయి. పది రోజుల మాట నిలవాలంటే ఎడ్జ్ ముందు 120 ముక్కలకు మించి ఉండకూడదు. బ్రిడ్జ్ కటర్ (స్లాబును కొలతకు కోసే మెషీన్) ఖాళీగా ఉందని ఇంకో యాభై కోసి పెట్టొద్దు. కటర్ దగ్గర కుర్రాళ్ళు కూర్చున్నారని ఓనర్ గారు కోప్పడతారు. ఆయన్ను తీసుకెళ్ళి ఆ 288 ముక్కల ముందు నిలబెట్టు, చాలు.

నెల్లూరు

ఒక సందేహం. కోయకుండా ఆపితే ఆర్డర్లు తగ్గవు కదా. క్యూ యార్డులో నుంచి ఆఫీసులోకి మారుతుంది, అంతే.

ఒంగోలు

సరైన ప్రశ్న అక్కా. అందుకే ఆపడం సగం పనే, ఎడ్జ్ సెక్షన్ వేగం కూడా పెరగాలి. ఆఫీసులో ఆగిన ఆర్డర్‌కు డ్రాయింగ్ మార్చవచ్చు, అవసరమైతే ముందుకు జరపవచ్చు, రాయి వృథా కాదు. ఆ లాభం అయితే ఉంది.

తమ్ముడూ, రేపు ఎడ్జ్ మెషీన్ దగ్గర ఒక షిఫ్ట్ అంతా నిలబడు. అంచుకు రూపం ఇచ్చే చక్రం మార్చిన ప్రతిసారీ టైం రాయి.

మళ్ళీ అడిగినవారు

నిలబడ్డాను. తొమ్మిది గంటల షిఫ్ట్‌లో ఆరు సార్లు చక్రం మార్చారు, ఒక్కోసారి అరగంట. మెషీన్ ఆపాకే ఆపరేటర్ స్టోర్‌కు వెళ్తాడు. సైజు వెతుక్కుని, సంతకం పెట్టి, వచ్చి నీళ్ళ పైపు విప్పి బిగిస్తాడు. ఒకసారి గుండ్రటి నోజింగ్ మధ్యలో ఆపి, అర్జంట్ అని చాంఫర్ (ఏటవాలు అంచు) పెట్టి, మళ్ళీ నోజింగ్‌కు వచ్చారు.

ఒంగోలు

చూడు, మూడు గంటలు అక్కడే పోయాయి. మిగిలిన ఆరు గంటల్లో 12, అంటే గంటకు రెండు. ఒకే నోజింగ్ ఉన్న ఆర్డర్లను కలిపి నడిపి, ఆరు మార్పులను మూడుకు తెచ్చుకో. గంటన్నర మిగులుతుంది, రోజుకు 15 అవుతాయి. తర్వాతి చక్రాన్ని మెషీన్ నడుస్తుండగానే తెచ్చి పక్కన పెట్టుకుంటే ఇంకా కొంత కలిసొస్తుంది. ఇది కొత్త కిటుకు కాదు. జపాన్‌లో షిగియో షింగో దీని మీదే ఏళ్ళ తరబడి పనిచేశాడు. మెషీన్ ఆగినప్పుడే చేయాల్సిన పనిని, నడుస్తుండగా చేయగల పని నుంచి వేరు చేయడమే ఆయన పద్ధతి.

ఆర్డర్లు రోజుకు 12 చొప్పునే వస్తే, రోజుకు మూడు తగ్గుతూ 288 నుంచి 120కి దిగడానికి 56 పని దినాలు పడుతుంది. అప్పటిదాకా కొత్త పార్టీలకు పది రోజులని చెప్పవద్దు. నిజం చెబితే చాలామంది ఓపిగ్గా ఆగుతారు, అబద్ధం చెబితే ఫోన్లు ఆగవు.

యార్డు సంగతి. గెలాక్సీలో బంగారు చుక్కలు బ్లాకు బ్లాకుకీ తేడా ఉంటాయి. ఎల్ ఆకారం కిచెన్‌కు రెండు ముక్కలు ఒకే బ్లాకువి కావాలి. కట్టలు కలిసిపోతే ఎన్ని స్లాబులున్నా లేనట్టే. ప్రతి స్లాబు అంచు మీద చెరగని పెయింట్‌తో బ్లాకు నంబరు, స్లాబు వరుస సంఖ్య రాయించు.

మళ్ళీ అడిగినవారు

ఈ వారం పూర్తయిన ఒక ఆర్డర్ వెంట మొదటి నుంచీ కాగితం తిప్పాను, ఎవరి దగ్గర ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్ళింది అని. మొత్తం 23 రోజులు పట్టింది. రాయిని తాకి పని చేసింది ఏడు గంటలే! మొదటి ఐదు రోజులు సింకు మోడల్ తెలియక, ఓనర్ గారు రేటు ఖాయం చేయక ఆఫీసులోనే పోయాయి. చార్ట్‌లో ఆఫీసు భాగం కూడా గీయాలా?

ఒంగోలు

తప్పకుండా. ఫోన్ వచ్చిన నిమిషం నుంచి డబ్బు చేతికొచ్చిన రోజు దాకా గీయి. ఆగిన చోటల్లా ఎరుపు పెన్నుతో రోజులు రాయి. సింకు కొలత, ఎడ్జ్ రకం, అడ్వాన్స్ ఈ మూడూ అందనిదే ఏ ఆర్డర్‌కూ తేదీ ఇవ్వకూడదని పైన ఒక లైన్ పెట్టు. ఆ లైన్ మీద ఓనర్ గారి సంతకం తీసుకో.

మళ్ళీ అడిగినవారు

సంతకం పెట్టారు అన్నా. గ్యాంగ్‌సా వాళ్ళకు మూడు నెలలు ఆగమని చెప్పారు. రేపటి నుంచి నోజింగ్ ఆర్డర్లు ఉదయం, చాంఫర్ మధ్యాహ్నం.