వరద తీశాక నూతిలో బ్లీచింగ్ ఎంత వేయాలి?

ప్రశ్న: ఆర్మీలో చేసి వచ్చిన నలుగురం మా లంకలో వరద పనికి దిగుతున్నామండి. మనుషులున్నారు, తాళ్ళున్నాయి. నూతుల శుభ్రం మాత్రం తెలీదు.

జవాబు: ముందు బురద నీరు తోడండి. నేల ఇంకా నానే ఉంటే మోటారు పెట్టి ఒక్కసారిగా తోడొద్దు, వరలు కుంగిపోతాయి. వ్యాసం 2 మీటర్లు, నీళ్ళు 3 మీటర్లుంటే సుమారు 9,400 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 24 గ్రాములు. ఇది తేటనీటి లెక్క, బురద ఉంటే ఇంకా లాగేస్తుంది. పొడిని ముద్దగా కలిపి, బక్కెట్టులో ముప్పావు దాకా నీళ్ళు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి పైతేటే వెయ్యండి. అడుగు సున్నం నూతిలో పడకూడదు.

జవాబు: గంటాగి క్లోరోస్కోప్‌తో (నీళ్ళలో క్లోరిన్ మిగిలిందో లేదో రంగుతో చూపే పరికరం) చూడండి. పసుపు రాకపోతే మళ్ళీ వేయాల్సిందే. మూతి విప్పి వదిలేసిన పాత సంచిలో బలం ఉండదు, అప్పుడు ఏ లెక్కా పనికిరాదు.

జవాబు: నూతులు సరే సార్, దానికి ముందు పని చూడండి. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. గర్భిణుల్ని, ముసలివాళ్ళని రెండోదాకా ఆగకుండా దాటించండి. లైఫ్ జాకెట్లెన్నో పడవలో మనుషులూ అంతే. గట్టిగా చెప్పడం మీకు అలవాటే కదా!