సముద్రం పక్క అరుగుకి గ్రానైటా, డబ్ల్యూపీసీ పలకలా?

కళింగపట్నం సైటు: తీరానికి అర కిలోమీటరులో ఇల్లు. వెనకవైపు పైకప్పు లేని అరుగు, 12 అడుగులు × 20 అడుగులు. మట్టి నింపి ఈ వేసవిలోనే పైన కాంక్రీటు బెడ్డు వేశాం. మేస్త్రీ గ్రానైట్ అంటున్నాడు, ఇంట్లో చెక్కలా కనబడే డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలకలు) కావాలంటున్నారు. టేకు అన్నవాళ్ళూ ఉన్నారు. ఏది నిలుస్తుంది?

టెక్కలి రాతిపని: గ్రానైటే. క్వారీలు మన జిల్లాలోనే, రవాణా కలిసొస్తుంది. పాలిష్ రాయి మాత్రం వద్దు, వానకి కాలు జారుతుంది. ఫ్లేమ్డ్ అడగండి, మంటతో పైపొర లేపేసి గరుకు తెస్తారు. పల్చటి పలక ఆ వేడికే చిట్లుతుంది, 20 ఎం.ఎం.కి తగ్గొద్దు. గోడ నుంచి బయటికి 12 అడుగులకి అంగుళంన్నర వాటం. రాయి కింద సిమెంటు మాలు ముద్దలుగా కాకుండా పూర్తిగా పరవాలి. బోలు ఉన్నచోటే మూలలు విరుగుతాయి.

బొబ్బిలి చెక్కపని: మే నెల మధ్యాహ్నం ఆ రాయి మీద చెప్పుల్లేకుండా నిలబడండి మాస్టారూ, చూద్దాం.

టెక్కలి రాతిపని: డబ్ల్యూపీసీ చల్లగా ఉంటుందేటి? ముదురు రంగుదైతే అదీ కాలుతుంది.

బొబ్బిలి చెక్కపని: అందుకే లేత రంగు. డబ్ల్యూపీసీ పాడైందంటే సగం సార్లు తప్పు కింద ఫ్రేముది. జీఐ పైపు (జింకు పూత ఇనుప పైపు) వెల్డింగు చేస్తే అతుకు దగ్గర జింకు కాలిపోతుంది, ఉప్పుగాలికి తుప్పు అక్కడే మొదలు. అతుకు రుద్ది జింక్ రిచ్ ప్రైమరు రెండు కోట్లు వేసి, పైపు చివరలకి మూతలు పెట్టించండి. అడ్డపట్టీలు 12 అంగుళాలకొకటి. పైపు మిగులుతుందని 18 చేస్తే ఎండకి పలక కుంగుతుంది. పలక కొసకీ కొసకీ 5 ఎం.ఎం. సందు లేకపోతే సాగి మధ్యలో లేస్తుంది. స్క్రూలు 316 గ్రేడు స్టీలువి. 304కి తీరంలో గోధుమ మరకలొస్తాయి.

టేకు చేవ అయితే పర్లేదు. తోటల టేకులో అంచున తెల్లచెక్క ఉంటుంది, చెద ముందు దాన్నే పడుతుంది.

చీపురుపల్లి ఇంజినీరు: 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను తీరం దాటింది కళింగపట్నం దగ్గరే. డబ్ల్యూపీసీ వేస్తే, గాలి కింద దూరితే పలకల్ని పట్టే ఒట్టి క్లిప్పులు ఆగవు. అంచు పలకలకి స్క్రూలు, ఫ్రేముకి బెడ్డులోకి యాంకర్ బోల్టులు తప్పవు. అసలు సంగతి మట్టి. పొరపొరకీ నీళ్ళు పెట్టి దిమ్మిస చేశారా?

కళింగపట్నం సైటు: లేదండీ, ట్రాక్టరుతో ఒకేసారి పోయించాం.

టెక్కలి రాతిపని: అయితే ఈ వానాకాలం పోనివ్వండి. ఇప్పుడు రాయి వేస్తే మట్టి దిగినచోట సందులు విచ్చుకుంటాయి.

బొబ్బిలి చెక్కపని: ఆగలేకపోతే డబ్ల్యూపీసీ వేయండి, బెడ్డు కాస్త దిగినా ఫ్రేము కింద ప్యాకింగు పెట్టి లెవెలు సరిచేసుకోవచ్చు. రాయిని అలా ఎత్తలేం.