అనుసంధాన్ ఫౌండేషన్: పరిశోధన నిధులన్నీ ఒకే గొడుగు కిందకు రావడం మేలేనా?

పద్దుల_పుస్తకం: 2008 చట్టంతో ఏర్పడిన, శాస్త్ర పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్‌ను రద్దు చేసి, 2023 చట్టంతో దాని స్థానంలో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ను తెచ్చినప్పుడు చెప్పిన లెక్క ఐదేళ్లకు 50,000 కోట్ల రూపాయలు. అందులో ప్రభుత్వ వాటా 14,000 కోట్లే. మిగిలిన 36,000 కోట్లు పరిశ్రమలు, దాతల నుంచి రావాలి. ఆ సొమ్ము వస్తుందా అన్న సందేహం నాకూ ఉన్నప్పటికీ, శాఖలు ఎవరికి వారు నిధులు పంచుకునే పద్ధతికి కళ్లెం పడి సమన్వయం రావాలి కనుక దీనిని సమర్థిస్తున్నాను.

వెనక_బెంచీ: శీర్షికే తప్పండీ. విలీనమైనది సెర్బ్ ఒక్కటే. సీఎస్‌ఐఆర్, డీబీటీ వంటి, పరిశోధనలకు నిధులిచ్చే ఇతర కేంద్ర సంస్థలు ఎప్పటిలాగే ఉన్నాయి.

పద్దుల_పుస్తకం: సమన్వయమంటే విలీనమని నేను అనలేదు. పాలక మండలికి ప్రధానమంత్రి అధ్యక్షులు, కార్యనిర్వాహక మండలికి ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు సారథి. ఇంతకన్నా పెద్ద గొడుగు ఏముంటుంది?

వెనక_బెంచీ: అయితే శీర్షికలో "అన్నీ" అన్న మాట తీసేయండి.

రసాయన_మేష్టారు: గొడుగు ఎంత పెద్దదైనా మా ల్యాబు మీద చినుకు పడిందా అన్నదే నా ప్రశ్న. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పని చేస్తున్నాను. ఒక ఏడాది ప్రాజెక్టు సొమ్ము ఫిబ్రవరి నెలాఖరుకు చేరింది, మార్చి 31లోగా ఖర్చు చూపమన్నారు. ద్రావకాలను ఆవిరి చేసే రోటరీ ఎవాపరేటర్ పంపు చెడిపోయి వేసవి నుంచీ మూలన పడి ఉంటే, కొటేషన్లు తెప్పించి, కొనుగోలు కమిటీ సంతకాలు పూర్తయ్యేసరికి గడువు దాటింది. ఏడు నెలలు ఫెలోషిప్పు అందని నా విద్యార్థి సాయంత్రాలు ఇంటర్మీడియట్ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకున్నాడు. ఇందులో సమన్వయం ఎక్కడుందో చూపించండి.

పద్దుల_పుస్తకం: అది మీ అకౌంట్స్ సెక్షన్ నిర్వాకం, జాతీయ విధానం తప్పు కాదు.

రసాయన_మేష్టారు: సొమ్ము ఖర్చయిందని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ మీద సంతకం కోసం మీరు ఏనాడైనా మెట్లెక్కి దిగారా? ఆ సర్టిఫికెట్ వెళ్లకపోతే తర్వాతి విడత రాదు. ఆ నిబంధన పెట్టింది మా గుమాస్తా కాదు.

కొత్త_సభ్యుడు: ఇద్దరూ కాస్త శాంతించండి.

పద్దుల_పుస్తకం: సరే, దాపరికం లేకుండా చెబుతాను. జీడీపీలో 0.64 శాతమే పరిశోధనకు వెచ్చించే దేశం ఆ కొద్దిపాటి సొమ్మును ప్రతి విశ్వవిద్యాలయానికీ పప్పుబెల్లాల్లా పంచితే ఏ ఒక్కచోటా ఫలితం రాదు. చేయగలిగిన పాతిక సంస్థలకు ధారాళంగా ఇవ్వడమే నయం.

రసాయన_మేష్టారు: ఈ మాట మొదటే అని ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. మీకు కావలసింది సమన్వయం కాదు, ఎంపిక. పెద్ద సంస్థలకు చిన్నవాటిని జతచేసే ఫౌండేషన్ వారి పెయిర్ పథకంలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటివి చక్రం మధ్యనుండే హబ్బులు, మా వంటివారు వాటికి చువ్వలు. వారితో కలిసి పని చేయడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ దేశంలో అత్యధిక విద్యార్థులు చదువుతున్నది మా తరగతి గదుల్లోనే. చేతిలో పంపు లేని చోట పిల్లలు చేయగలిగినవారని తేలేదెలా?

వెనక_బెంచీ: శీర్షిక ఇంకా మార్చలేదు.