స్నానాల గది నీటికీ కమోడ్‌కూ ఒకే లైన్ చాలునా, రెండు వేయాలా?

కొత్త ఇంటివారు:
మేము కట్టుకుంటున్న రెండంతస్తుల ఇంట్లో పై స్నానాల గది, కింది స్నానాల గది ఒకదానిమీద ఒకటి వస్తున్నాయి. వాడిన నీరు బయటికి పోయే గొట్టాల విషయంలో పనివారి మధ్యే మాట కలవడం లేదు. కమోడ్, వాష్ బేసిన్, స్నానపు నీరు అన్నీ ఒకే 110 మిల్లీమీటర్ల నిలువు గొట్టంలో కలిపేస్తే సరిపోతుందని ఒకరంటున్నారు. కమోడ్‌కు ఒకటి, మిగతా నీటికి మరొకటి విడిగా దింపాల్సిందేనని ఇంకొకరు పట్టుబడుతున్నారు. టైల్స్ పరిచాక మార్చుకునే వీలుండదు కనుక, దయచేసి కారణాలతో సహా చెప్పండి.

ప్లంబింగ్ మేస్త్రి:
విడిగానే దింపించుకోండి. నహానీ ట్రాప్‌లో, అంటే స్నానాల గది నేలలో నీరు పోయే రంధ్రం కింద ఉండే వంపులో, ఎప్పుడూ నిలిచి ఉండే దాదాపు 50 మిల్లీమీటర్ల నీరే గొట్టంలోని దుర్వాసననూ బొద్దింకలనూ గదిలోకి రాకుండా ఆపుతుంది. పై అంతస్తులో కమోడ్ ఫ్లష్ చేసినప్పుడు నీరు ఒక్క ఊపున గొట్టంలోకి దిగుతూ తన వెనక ఉన్న గాలిని లాక్కుపోతుంది. ఆ లాగుడుకు అదే గొట్టంలో కలిసిన ట్రాప్‌లోని నీరు కూడా జారిపోతుంది. ఫ్లష్ చేసిన ప్రతిసారీ నహానీ దగ్గర గుడగుడమని చప్పుడు వస్తుంటే, ట్రాప్‌లో నీరు కదులుతున్నట్టే లెక్క.

ఇక అడ్డుపడినప్పటి సంగతి. ఒకే లైన్ ఉన్న ఇంట్లో బయట ఛాంబర్ (గొట్టాలన్నీ కలిసే మూత గుంట) దగ్గర ఏదైనా ఇరుక్కుంటే, మురుగు కమోడ్‌లోంచి రాదు. అన్నిటికంటే పల్లంలో ఉన్న కింది గది నహానీలోంచి, అంటే మనం నిలబడి స్నానం చేసే నేల మీదికే, ఉబికి వస్తుంది. విడి లైన్ వేస్తే స్నానపు నీరు ముందు బయటి గల్లీ ట్రాప్‌లో (ఇంటి బయట నేలలో, నీరు నిలిచి ఉండే చిన్న గుంటలో) పడి, ఆ తర్వాతే ఛాంబర్‌కు చేరుతుంది. ఛాంబర్ నిండినా మురుగు గల్లీ ట్రాప్ మూత దగ్గర ఆరుబయటే పొంగుతుంది, ఇంట్లోకి రాదు.

సైట్ ఇంజనీర్:
మేస్త్రిగారు చెప్పిన లక్షణాలు నిజమే. అయితే ట్రాప్‌లో నీరు జారిపోవడానికి అసలు కారణం రెండింటినీ కలపడం కాదు, గొట్టంలోకి గాలి వచ్చే దారి లేకపోవడం. నిలువు గొట్టాన్ని అదే కొలతతో డాబా పైదాకా తీసుకెళ్లి, పైన జాలీ మూత పెట్టి తెరిచి ఉంచితే, దిగే నీటికి కావలసిన గాలి పైనుంచే అందుతుంది; ట్రాప్‌లోంచి లాగాల్సిన పని ఉండదు. ఎన్నో అంతస్తుల భవనాలు ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి. రెండో లైన్ వేస్తే శ్లాబుకు మరో రంధ్రం, మరిన్ని జాయింట్లు, కారడానికి మరిన్ని చోట్లు తప్పవు.

పై గది కంటే కింది గది గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి, దాన్ని చాలామంది పట్టించుకోరు. నిలువుగా పడిన నీరు అడుగున మలుపు తిరిగేటప్పుడు వేగం తగ్గి, అక్కడ గాలి ఒత్తిడి పెరుగుతుంది. కింది అంతస్తు నహానీని ఆ మలుపు దగ్గరే కలిపితే ట్రాప్‌లోని నీరు లోపలికి పోదు, ఎదురుతన్ని గదిలోకి చిమ్ముతుంది. అందుకే పైన ఒకే లైన్ వేసినా, కింది గది గొట్టాలను నిలువు లైన్‌కు కలపకుండా నేరుగా బయటికి తీసుకెళ్లాలి. అడుగున 90 డిగ్రీల ఎల్బో ఒక్కటి కాకుండా, 45 డిగ్రీలవి రెండు వాడించండి.

ప్లంబింగ్ మేస్త్రి:
కింది గది విషయంలో ఇంజనీరుగారి మాటే సరైనది, దానికి ఎదురు చెప్పను. డాబా పైదాకా తీసుకెళ్లే ఆ గాలి గొట్టం మాత్రం కాగితం మీద ఉన్నట్టుగా పనిలో ఉండదు. డాబా మీద అందం చెడుతుందని దాన్ని పిట్టగోడ కిందే కోసి మూత బిగించిన ఇళ్లు, వాన నీటి గొట్టాన్ని తెచ్చి అందులోనే కలిపిన ఇళ్లు నేను చూశాను. ఒకే లైన్ మీద ఆధారపడిన ఇంట్లో ఆ ఒక్క పని చెడితే అన్ని గదులూ కంపు కొడతాయి. పైగా స్నానపు నీటిని విడిగా దింపి ఉంచితే, ఎప్పుడైనా దాన్ని వడగట్టి చెట్లకు మళ్లించుకోవచ్చు; మలంతో కలిశాక ఇక విడదీయలేము.

సైట్ ఇంజనీర్:
నీటిని మళ్లీ వాడుకునే ఆలోచన ఉంటే రెండు లైన్లే వేయించండి. ఆ ఒక్క కారణం ముందు నా అభ్యంతరాలు నిలవవు. అయితే గాలి గొట్టం రెండు లైన్లకూ కావాలి. విడిగా వేశాం కదా అని స్నానపు లైన్‌ను పై చివర మూసేస్తే, పైన బకెట్ నీళ్లు గుమ్మరించినప్పుడు వాష్ బేసిన్ ట్రాప్‌కు అదే ఇబ్బంది వస్తుంది. దగ్గర్లో కిటికీ ఉంటే గొట్టం చివర దానికంటే కనీసం 900 మిల్లీమీటర్లు పైకి ఉండాలి.

కొత్త ఇంటివారు:
తోటకు నీరు మళ్లించుకోవాలనే ఉంది, కనుక రెండు లైన్లే వేయిస్తాం. స్నానాల గది కింద గొట్టాల కోసం దించి వదిలిన శ్లాబు పల్లంలో గొట్టాలకు వాటం ఎంత ఇవ్వాలి?

ప్లంబింగ్ మేస్త్రి:
మీటరుకు 25 మిల్లీమీటర్లు ఇవ్వండి. నిలువు గొట్టానికి కమోడ్ మూడు మీటర్ల దూరంలో ఉంటే వాటానికే 75 మిల్లీమీటర్ల లోతు పోతుంది, కాబట్టి కమోడ్‌ను గొట్టం ఉన్న గోడకు దగ్గరగా పెట్టించుకోండి. పల్లం పూడ్చేముందు గొట్టాల కింది చివరలకు ప్లగ్ బిగించి, నహానీ అంచుదాకా నీరు నింపి, మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లవారేసరికి నీరు గీత కిందికి దిగితే, జాయింటు ఎక్కడ కారుతోందో తేలేదాకా పూడ్చనివ్వకండి.