ఆరన్ డొనాల్డ్ ఆటలో ఏం చూడాలి? కాస్త చెప్పరూ

డాలస్‌లో ఉంటాం. మావాడు హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో డిఫెన్సివ్ టాకిల్‌గా, అంటే అవతలి టీమ్ దాడిని మధ్యలో నిలబడి అడ్డుకునేవాడిగా చేరాడు. వాడికి దేవుడంటే ఆరన్ డొనాల్డే. నాకేమో క్రికెట్ తప్ప ఇంకోటి తెలీదు. 2014లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో 13వ పిక్‌గా రామ్స్ టీమ్‌కి వచ్చి, మూడుసార్లు డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయి, 2024లో రిటైరయ్యాడని వాడే నాచేత బట్టీ పట్టించాడు. 2018లో 20.5 సాక్‌లట, సాక్ అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొట్టడం. ఆ అర ఏమిట్రా అంటే, ఇద్దరు కలిసి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే చెరిసగం అన్నాడు. బాగానే ఉంది. 2022 సూపర్ బౌల్ ఫైనల్ చివర్లో అవతలి టీమ్ క్వార్టర్‌బ్యాక్ జో బరోని పట్టుకుని గిర్రున తిప్పేయడం నాకూ అర్థమైంది. మిగతా సేపంతా ఇద్దరేసి మీద పడి అడ్డుకుంటుంటే ఆయన ఏం చేస్తున్నాడో కంటికి ఆనడం లేదు. చేతులు చూడాలా, కాళ్లు చూడాలా? తెలిసినవాళ్లు చెప్పండి. శనివారం వాడి పక్కన కూర్చుని పాత మ్యాచ్‌లు చూడాలి.