డిగ్రీలో ప్రాచీన నాగరికతలు, భాషలు: మొదటి ఏడాది దేనికి ఇవ్వాలి?

మూసీగట్టు:
మా చెల్లెలికి ఇంటర్ అయిపోయింది, డిగ్రీ అడ్మిషన్ల దోస్త్ వెబ్‌సైట్‌లో ఆప్షన్లు పెట్టాలి. బీఏలో చరిత్ర, సంస్కృతం కలిసున్న కాంబినేషన్ తీసుకుని ప్రాచీన నాగరికతల వైపు వెళ్తానంటోంది. మెసొపొటేమియా అంటే ప్రాణం. చుట్టాలంతా వద్దంటున్నారు. మొదటి ఏడాది దేనిమీద పెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రాతిపలక:
తప్పకుండా తీసుకోమనండి. మొదటి ఏడాది మాత్రం భాషకే. పాత బ్రాహ్మీ లిపి అక్షరాల పట్టిక బట్టీపట్టి శాసనాలు వచ్చేశాయనుకునేవాళ్లు చాలామంది. లిపి నెల పని. ప, ల, హ మూడూ కొక్కేల్లా ఉండి కొన్నాళ్లు తికమక పెడతాయి, అంతే. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. నాగార్జునకొండ ఇక్ష్వాకుల ప్రాకృత శాసనాల్లో ద్విత్వం సాధారణంగా రాయరు. రాతిమీద ‘పుతస’ అని ఉంటే ‘పుత్తస్స’ అని చదువుకోవాలి. సంస్కృతంలో అది ‘పుత్రస్య’. విభక్తి తెలియకపోతే ఎవరు ఎవరి కొడుకో, దానం ఇచ్చిందెవరో తేలదు.

గోల్కొండగాలి:
హైదరాబాద్‌లో ఉండి పర్షియన్ ఊసే ఎత్తరేం?

రాతిపలక:
ప్రాచీనం అన్నారని ఎత్తలేదు. నేర్చుకుంటే మంచిదే. అరబిక్, పర్షియన్ శాసనాలకు పురావస్తు సర్వేలో విడిగా శాఖే ఉంది, నాగపూర్‌లో. మిగతా భాషలది మైసూరు.

దీపస్తంభం:
లిపి నెల పని అన్నమాట ఒప్పుకోను. భట్టిప్రోలు ధాతుకరండాల (బౌద్ధ అస్థికలు దాచిన పెట్టెల) మీది రాత చూడండి. అశోకుడి బ్రాహ్మీలో దీర్ఘానికి వాడే గీతనే అక్కడ మామూలు అకారానికి వాడారు. పట్టిక పెట్టుకుని చదివితే లేని దీర్ఘాలన్నీ వచ్చిపడతాయి. ఎర్రగుడిలో అశోకుడి చిన్న శిలాశాసనంలో కొన్ని పంక్తులు కుడినుంచి ఎడమకు తిరుగుతాయి, అరక మళ్లేసినట్టు. ఇక ఆ అమ్మాయికి ఇష్టమైనది మెసొపొటేమియా. అక్కడి మేకు ఆకారపు లిపి క్యూనిఫాంలో గుర్తులు దాదాపు 600. సుమేరియన్, అక్కాడియన్ అనే రెండు భాషలకూ అదే లిపి. ఒకే గుర్తు ఒకచోట ‘అన్’ అనే ధ్వని, ఇంకోచోట సుమేరియన్‌లో ఆకాశం, మరోచోట అక్కాడియన్‌లో దేవుడు అనే అర్థమిచ్చే ‘ఇలు’. దేవుడి పేరుకు ముందొస్తే దాన్ని అసలు పలకరు. అక్కడ లిపిని, భాషను విడదీయడం కుదరదు. అదంతా మొదటి ఏడాదిలో తేలే పని కాదు, అందుకే ఆ ఏడాది చరిత్రకు ఇవ్వాలి.

రాతిపలక:
భట్టిప్రోలు మినహాయింపు. నేనన్నది అశోకుడి బ్రాహ్మీ.

దీపస్తంభం:
‘అశోకుడి బ్రాహ్మీ’ అని మీరు రాయలేదు. ‘లిపి’ అని రాశారు.

ఉప్పల్‌పిల్లగాడు:
అన్నా, నెలా రెణ్ణెల్లా అన్నది తర్వాత. పిల్ల ఏం జెయ్యాల్నో చెప్పుండ్రి.

మూసీగట్టు:
అదే అడుగుతున్నా. డిగ్రీలో ఉండగా రాయి దగ్గరికి వెళ్లే వీలుంటుందా?

రాతిపలక:
ఉండాలి. శాసనాన్ని కాగితం మీదికి అచ్చు తీయడం చూస్తేనే చదువు ఒంటబడుతుంది. రక్షిత కట్టడమైతే ముందు అనుమతి. తర్వాత అక్షరాల్లో ఇరుక్కున్న మట్టిని, సున్నాన్ని మెత్తటి బ్రష్షుతో, నీళ్లతో తీయాలి, ఇనుము తగలకూడదు. తడిపిన కాగితం పరిచి మధ్యనుంచి అంచులకు గాలి నెట్టి, కుచ్చుబ్రష్షుతో కొడుతూ గుంటల్లోకి దించాలి. కాస్త చెమ్మ ఉండగానే సిరా పూసిన గుడ్డముద్దతో పైపైన అద్దితే రాయి నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది. సిరా పల్చనైతే కాగితం దాటి రాతికి అంటుతుంది. తడిమీద లాగితే చిరుగుతుంది. మన మే నెల ఎండలో అంచులు ముందే ఆరి లేస్తాయి, కాగితం జరిగి ఒక్కో అక్షరం రెండుగా పడుతుంది. అందుకే తెల్లవారుజామున తీయాలి. అలా వచ్చిన అచ్చును భాష తెలిసినవాడే చదవగలడు.

దీపస్తంభం:
ఇది చేతిపని, గొప్ప పనే. కానీ డిగ్రీ అంటే ఇది కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతీయ రుద్రదేవుడి శాసనం శక సంవత్సరం 1084 నాటిది. క్రీ.శ.లోకి మార్చడానికి గుడ్డిగా 78 కలిపితే 1162 వస్తుంది. అందులో ఉన్నది మాఘమాసం, అప్పటికి ఇంగ్లిష్ ఏడాది మారిపోతుంది కాబట్టి అసలు తేదీ 1163 జనవరి. ఇది వ్యాకరణంతో తేలదు, కాలగణన తెలియాలి. రుద్రదేవుడు అప్పుడే స్వతంత్రం ఎందుకు ప్రకటించుకున్నాడో తెలియాలంటే పశ్చిమ చాళుక్యుల పతనం చదవాలి.

రాతిపలక:
చదవండి, ఎవరొద్దన్నారు? అనువాదాలే చదివి పాఠం చెబితే శాసనాన్ని మొదట చదివి ప్రచురించినవాడు చేసిన తప్పును మీ విద్యార్థులు తరతరాలు మోస్తారు. గుడిగోడల మీద శాసనాలకు సున్నం కొడుతున్నారు. బండలు కంకరవుతున్నాయి. చదివేవాళ్లు తగ్గిపోతున్నారు. మీకేమో తొందరే లేదు!

దీపస్తంభం:
ఇదీ అసలు సంగతి. శాసనాలకు మనుషులు కావాలి కాబట్టి ఈ పిల్లను ఇచ్చెయ్యమంటున్నారు. ఆ అమ్మాయికి ఏం కావాలో మీరు ఒక్కసారైనా అడిగారా? డిగ్రీ 3 ఏళ్లు, ఎంఏ 2 ఏళ్లు, ఆపైన గ్రేటర్ నోయిడాలో పురావస్తు డిప్లొమా ఇంకో 2 ఏళ్లు. ఈ ఏడేళ్లు ఇంట్లోవాళ్లు మోయగలరా అన్నది మొదటి ప్రశ్న.

రాతిపలక:
మనుషులు కావాలి. దాచుకోను. ఆ పిల్లకు ఏం కావాలో అడగలేదు, అది నా పొరపాటే. సంస్కృతం ఉంచుకోమన్నది ఆమె కోసం కూడానండి. అది ఉంటే ఎంఏకు చరిత్ర, సంస్కృతం రెండు దారులూ తెరిచే ఉంటాయి.

దీపస్తంభం:
అది సబబు. మెసొపొటేమియా వదలకూడదనుకుంటే డిగ్రీతోపాటే జర్మన్ మొదలుపెట్టమనండి. ఆ రంగంలో ముఖ్యమైన నిఘంటువులు, వ్యాసాలు చాలా జర్మన్‌లో ఉన్నాయి. షికాగోలో 1921లో మొదలై 2011లో ముగిసిన అసీరియన్ నిఘంటువు నెట్‌లో ఉచితం.

మూసీగట్టు:
చెల్లెలు పక్కనే కూర్చుని అంతా చదివింది. ఆదివారం హైదరాబాద్‌లోనే చైతన్యపురి వెళ్దామంటోంది, విష్ణుకుండి వంశపు రాజు గోవిందవర్మ శాసనం చూడటానికి. ఏ వేళకు వెళ్లాలి?

రాతిపలక:
పొద్దు వాలాక. టార్చిని రాతికి ఒరుసుకునేలా పక్కనుంచి పట్టి, నాలుగు వైపులనుంచీ నాలుగు ఫొటోలు తీయండి. పక్కన స్కేలు పెట్టండి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దొద్దు, మీ ఊహే రాతిమీద మిగులుతుంది.

దీపస్తంభం:
ఫొటోలు ఇక్కడే పెట్టమ్మా. గోవిందరాజ విహారం అన్న మాట ఎక్కడుందో నువ్వే చూపించు. రాజు పేరు బౌద్ధ విహారానికి ఎందుకు పెట్టి ఉంటారో కూడా రాయి.