రెయిన్‌బో రోడ్: పాతదే బాగుందా, కొత్తదా?

ప్రశ్న: మా బావ దగ్గర నింటెండో 64 అనే వీడియో గేమ్ మెషిన్ ఉండేది. దాంట్లో మారియో కార్ట్ 64 అనే కార్ల రేసు గేమ్‌లో రెయిన్‌బో రోడ్ అనే ట్రాక్ మూడు ల్యాప్‌లు తిరిగేసరికి దాదాపు ఆరు నిమిషాలు పట్టేది. చీకటి ఆకాశంలో నియాన్ గీతలతో మారియో, పీచ్ లాంటి పాత్రల ముఖాలు, రోడ్డు మీద చెయిన్ చాంప్‌లు (పళ్లున్న నల్లటి గుండు జీవులు) ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. 2014లో మారియో కార్ట్ 8లో అదే ట్రాక్ ఒక్క ల్యాప్‌తో అయిపోయింది. నాకు వెలితిగా అనిపించింది. మీకు?

జవాబు: ఆ ఒక్క ల్యాప్‌నే మూడు ముక్కలు చేశారు తమ్ముడూ. కింద ఊరి దీపాలు, బాణసంచా, పక్కనే గాల్లో రైలు. నాకైతే ఒళ్లు పులకరించింది.

జవాబు: పాతదాంట్లో మొదటి దిగుడులోనే ఎడమ గోడ మీంచి ఎగిరితే బోలెడు దూరం కలిసొచ్చేది. ఎన్నిసార్లు కింద పడ్డానో! అది కుదిరిన రోజు ఇల్లంతా అరిచాను.

జవాబు: నా ఓటు అంతకంటే పాత మెషిన్ సూపర్ నింటెండోలో 1992లో వచ్చిన రెయిన్‌బో రోడ్‌కే. అంచున గోడే లేదు, ఒకటే టెన్షన్. 2011లో మారియో కార్ట్ 7లో అదే ట్రాక్ మళ్లీ వచ్చినప్పుడు, థ్వాంప్ అనే రాతి దిమ్మె దబ్బున పడితే రోడ్డే అలలా లేచేది. ఆ అల మీద ఎగిరితే స్పీడ్ వచ్చేది. పాతదాన్ని చెడగొట్టకుండా కొత్తది చేర్చడమంటే అదీ.

ప్రశ్న అడిగినవారు: అన్నా, ఆ అల సంగతి నాకు తెలీదు. ఈ రాత్రికే ఆడతా.